సగం సీసా మందు

మేము పల్నాడు సుగాలీలం. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు తండాల్లో మా వాళ్లు చాలామంది ఉన్నారు. మా తండాల్లో ఒక ఇంట్లో జొన్నరొట్టె కాలిస్తే పక్కింటి బిడ్డకూ ముక్క అందుతుంది. మందు సీసా కూడా అలాగే చేతులు మారుతుంది. ఒక బిడ్డకు రాసిన యాంటీబయాటిక్, జ్వరం తగ్గగానే గూట్లోకి చేరుతుంది. ఇంకో ఇంట్లో బిడ్డ దగ్గితే ఆ సీసా అక్కడికి పోతుంది. రొట్టె సగమైనా ఆకలి కొంత తీరుతుంది. మందు సగమైతే ఇద్దరు బిడ్డలకూ జబ్బు మిగులుతుంది. పైగా నీళ్లు కలిపిన పొడిమందు వారం దాటితే పనికిరాదు.

పత్తి చేసేవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. ఒకే పురుగుమందు పదేపదే కొడితే బలహీనమైన పురుగులు చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. బిడ్డ ఒంట్లోని బ్యాక్టీరియాదీ అదే దారి. అది దగ్గుతో, తుమ్ముతో ఇంకో బిడ్డకు అంటుకుంటుంది. అప్పుడు ఎన్నడూ మందు మింగని పసిబిడ్డకు కూడా ఆ మందు పనిచేయకపోవచ్చు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే, తన నోబెల్ ఉపన్యాసంలో, చాలీచాలని మోతాదు వాడితే ఈ ముప్పు వస్తుందని హెచ్చరించాడు.

ఇదంతా మా తెలియనితనమే అంటే మేము ఒప్పుకోం. మిరప కోతల రోజుల్లో ఆసుపత్రికి పోతే ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. అందుకే తల్లి ఊళ్లో దొరికిన మందుతోనే సరిపెడుతుంది. మందు లొంగని నెమ్ము వస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది. నరసరావుపేటకో గుంటూరుకో పోయి చేర్పించాలి. రక్తం కల్చర్‌కు పంపి ఏ మందుకు లొంగుతుందో చూడాలి. ఆ ఫలితం రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈలోగా సూదిమందులు, ఆక్సిజన్.

మా యాడీలు "డొక్కలెగరేస్తున్నాడు" అంటారు. డాక్టర్లు చూసే గుర్తు కూడా అదే. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఐదేళ్ల లోపు బిడ్డకు 40, ఆ పైన ఉంటే ఆలస్యం చేయకూడదు. డొక్కలు లోపలికి పోతున్నా, బిడ్డ పాలు తాగకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. జలుబు, మామూలు దగ్గు ఎక్కువగా వైరస్ వల్ల వస్తాయి. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. డాక్టర్ రాసినప్పుడు మాత్రం చెప్పిన మోతాదులో, చెప్పినన్ని రోజులు వేయాలి. రెండు రోజులైనా బిడ్డ తేరుకోకపోతే మళ్లీ చూపించాలి. ఆరు వారాలకు, 14 వారాలకు, తొమ్మిదో నెలలో ప్రభుత్వం ఉచితంగా వేసే న్యుమోకోకల్ టీకా తప్పించకూడదు.

తండా బడుల్లోని మాస్టార్లకు మా మనవి ఒక్కటే. మందు అట్ట మీద ఎర్ర గీతను పిల్లలకు చూపించండి. డాక్టర్ చీటీ లేకుండా కొనకూడని మందని చెప్పండి. గడియారం పెట్టి ఊపిరి లెక్కపెట్టడం నేర్పండి. అమ్మా నాన్నా కోతలకు పోయినప్పుడు తమ్ముణ్ని, చెల్లిని ఎత్తుకుని ఇంటి దగ్గర ఉండేది ఆ పిల్లలే.