లాభం, రెండు, మూడు...

దీపాలు పెట్టే వేళకి మా అమ్మమ్మ గంప ఎత్తి పట్టుకుని కోడిపిల్లల్ని కిందికి తోలేది. తోలుతూ లెక్కపెట్టేది. ఒకటి అనేది కాదు. ధాన్యం కొలిచేటప్పుడు అన్నట్టే లాభం, రెండు, మూడు. ఏడు దగ్గరికొచ్చేసరికి ఆరున్నొకటి. ఇంత శుభం పలికినా పొద్దున పదకొండున్నవి సాయంత్రానికి పది తేలేవి. "గద్ద ఎత్తుకుపోయిందే, దాని నోట్లో మన్ను పడ" అని ఖాళీ ఆకాశాన్ని తిట్టేది. పాలకొల్లు దగ్గర ఆ పెరట్లో నాకు తెలిసిన గద్ద అంతే. డేగ మాత్రం వేరు లెండి, అది సంక్రాంతి బరిలో దిగే పుంజు రంగు.

అలాంటి ఇంట్లో పెరిగిన నేను, రిటైరయ్యాక, స్వెట్టరు మీద కోటూ కోటు మీద శాలువా కప్పుకుని అమెరికాలో ఓ చెక్క అరుగెక్కి గద్దల్ని లెక్కపెట్టాను.

మా అమ్మాయి ఉండేది రాచెస్టర్‌లో. న్యూయార్క్ రాష్ట్రమే గానీ సినిమాల్లో చూపించే న్యూయార్క్ కాదు. ఒంటారియో సరస్సు ఒడ్డు ఊరు. "ముప్పై ఏళ్ళు బ్యాంకులో నోట్లు లెక్కపెట్టావుగా అమ్మా, పద, నీకు తగ్గ పని చూపిస్తాను" అని ఏప్రిల్ చివర్లో ఓ ఆదివారం బ్రాడక్ బే పార్కుకి తీసుకెళ్ళింది. అక్కడ మార్చి నుంచి మే దాకా ప్రతిరోజూ గద్దల లెక్క జరుగుతుంది. పద్దు రాసే మనిషి ఒకరుంటారు. చుట్టూ చేరేది వాలంటీర్లు. మడత కుర్చీలు, ఫ్లాస్కులు, మెడలో బైనాక్యులర్లు, అందరి తలలూ వెనక్కి వాలి ఉన్నాయి. జీతం లేని ఉద్యోగానికి ఇంత శ్రద్ధా అనిపించింది. జీతమిచ్చిన చోట మేం చూపించామో లేదో.

ఆ పక్షులు అక్కడికే ఎందుకొస్తాయంటే, సరస్సుకి భయపడి. ఎండకి నేల వేడెక్కితే గాలి పైకి లేస్తుంది. గద్ద ఆ గాలి మీద రెక్కలు చాపి, శ్రమ లేకుండా గుండ్రంగా తిరుగుతూ ఎక్కుతుంది. పైకి వెళ్ళాక ఏటవాలుగా జారుతూ ఇంకో వేడిగాలి దగ్గరికి చేరుతుంది. చల్లటి నీళ్ళ మీద ఆ గాలి లేవదు. దక్షిణ అమెరికా నుంచి వేల మైళ్ళు ఎగిరి కెనడా వైపు పోయే డేగలు ఒంటారియో గట్టుకొచ్చి, అవతలి ఒడ్డు కనపడని ఆ నీళ్ళని చూసి, దాటకుండా తూర్పుకి తిరిగి ఒడ్డు వెంటే పోతాయి. ఇరుకు సందులో జాతర జనంలా అన్నీ ఒకే దారి పడతాయి. 2011 ఏప్రిల్ 27న ఆ ఒక్క అరుగు మీది నుంచి అన్ని జాతులూ కలిపి 42 వేలకు పైగా గద్దలు లెక్క తేలాయి.

మేం వెళ్ళిన పూట నీలంగా, మరక లేని ఆకాశం. "ఎంత చక్కటి రోజు!" అన్నాను. పక్కనున్న పెద్దాయన మొహం చిన్నబోయింది. ఉత్త నీలంలో అంత ఎత్తున్న పక్షి కంటికి ఆనదట. వెనక తెల్లటి మబ్బుండాలి, దక్షిణపు గాలి వీయాలి. పెళ్ళివారు ఎండ కోరతారు, వీళ్ళు మబ్బు కోరతారు.

పదకొండు దాటాక మబ్బులొచ్చాయి. మా అమ్మాయి నా బైనాక్యులర్ని ఓ మబ్బు అంచుకి తిప్పింది. మొదట మిరియాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. ఆ చుక్కలు తిరుగుతున్నాయి. కొన్ని ఎక్కుతూ, కొన్ని పక్కకి ఒరుగుతూ, ఒకదాని వెనక ఒకటి మాయమై మళ్ళీ తేలుతూ. దాన్ని వాళ్ళు కెటిల్ అంటారు. నాకు ఎసట్లో తిరిగే బియ్యం గింజలు గుర్తొచ్చాయి. కాకంత పక్షులవి, వెడల్పు రెక్కల డేగలు, గుంపులుగానే ప్రయాణం చేస్తాయి.

నేను వెంటనే మొదలుపెట్టేశాను: లాభం, రెండు... ఇరవై దాటేసరికి ఏది లెక్కించానో ఏది లేదో తెలియలేదు. పద్దు రాసే అమ్మాయి నవ్వింది. తిరుగుతున్నప్పుడు లెక్కపెట్టకూడదట. పైకంటా ఎక్కాక గుంపు విడి, పక్షులు ఒక్కొక్కటిగా బారు తీరి జారతాయి. అప్పుడు ఆకాశంలో ఓ గీత ఉందనుకుని, గీత దాటిన ప్రతి పక్షికీ చేతిలోని క్లిక్కరు ఒకసారి నొక్కాలి. కౌంటరు మీద గుమ్మరించిన నోట్లని ఎవరు లెక్కపెడతారు, సర్ది పేర్చాకే కదా! నాకెందుకు తట్టలేదో. అయితే మా కట్టని రెండోసారి లెక్కపెట్టుకోవచ్చు. వీళ్ళ కట్ట ఎగిరిపోతుంది.

ఆ బారుకి నా లెక్క 63, ఆ అమ్మాయి లెక్క 58. తేడా ఎక్కడొచ్చిందని నేను పట్టుబట్టాను, పాత అలవాటు. గుంపులో కలిసి తిరిగిన సరస్సు పిట్టలు ఐదింటిని నేను డేగల ఖాతాలో వేశానని తేలింది.

గంటగంటకీ కాగితం మీద ఓ వరుస నింపుతారు. గాలి ఎటు, వేడి ఎంత, మబ్బు ఎంత, ఏ జాతి ఎన్ని. ఏమీ రాని గంటకి సున్నా రాస్తారు, ఖాళీ వదలరు. నాకు ఆ సున్నా బాగా నచ్చింది.

ఇదంతా కాలక్షేపమే కదా అని అడిగాను. పెద్దాయన పెన్సిల్వేనియాలోని హాక్ మౌంటెన్ సంగతి చెప్పారు. ఒకప్పుడు ఆ కొండెక్కి సరదాకి గద్దల్ని తుపాకులతో కాల్చేవారు. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ ఆ కొండని లీజుకి తీసుకుని, మారిస్ బ్రౌన్ అనే ఆయన్ని కాపలా పెట్టింది. ఆయన కాపలాతో ఆగక వెళ్ళే ప్రతి గద్దనీ రాశారు. కొన్నేళ్ళకి ఆ పద్దులో ఓ సంగతి బయటపడింది: ఎదిగిన గద్దలు వస్తున్నాయి గానీ, మొత్తంలో పిల్ల గద్దల పాలు తగ్గిపోతోంది. రేచల్ కార్సన్ 1962లో డీడీటీ లాంటి పురుగుమందుల మీద రాసిన పుస్తకంలో ఆ లెక్కని సాక్ష్యంగా వాడుకుంది. డీడీటీ వల్ల గుడ్డు పెంకు పలచబడి పొదిగే తల్లి కిందే చితికిపోయేదని తర్వాత తేలింది. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. అచ్చంగా ఆడిట్‌లో దొరికిన దొంగతనం.

మధ్యాహ్నం మా తలల మీదుగా ఎర్ర బోడితల పక్షులు వెళ్ళాయి. రెక్కలు కాస్త పైకెత్తి, తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతూ. టర్కీ వల్చర్లు, అక్కడి రాబందులు. అరుగు మీద ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, క్లిక్కరు మాత్రం ఆగలేదు. నేను బైనాక్యులర్ దించాను. మా ఊరి చెరువు గట్టవతల, చచ్చిన గొడ్డు చుట్టూ కూర్చునే రాబందులు కళ్ళ ముందుకొచ్చాయి.

అవి ఎప్పుడు రావడం మానేశాయో మా ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్పలేరు. పశువులకి వేసే డైక్లోఫెనాక్ ఇంజక్షను, చచ్చిన గొడ్డు ఒంట్లో మిగిలి, దాన్ని తిన్న రాబందుల్ని చంపిందని తర్వాత తెలిసింది. 2006లో పశువులకి దాన్ని వాడకూడదన్నారు. అప్పటికే దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి ఒకటైనా మిగల్లేదు. ఆ సంగతైనా తెలిసిందంటే భరత్‌పూర్ పక్షుల పార్కులో రాబందుల గూళ్ళు లెక్కపెట్టి రాసుకున్న మనిషి ఒకరుండబట్టి. మేం కోడిపిల్లలు ఎన్ని పోయాయో లెక్కపెట్టాం గానీ, గద్దలు ఎన్ని పోయాయో లెక్కచేయలేదు.

సాయంత్రం డాబా ఎక్కుతారు కదా, ఓ అరగంట ఆకాశం వైపు చూడండి. ఓ పాత డైరీలో తేదీ వేసి, ఎన్ని గద్దలు కనిపించాయో రాయండి. లాభం అని మొదలుపెట్టినా ఫరవాలేదు. ఒక్కటీ రాకపోతే మాత్రం ఖాళీ వదలకండి, సున్నా వేయండి.