పాశమైలారంలో ఒక ఫోటో

పాశమైలారానికి చూడడానికంటూ ఎవరూ పోరు, పనికి పోతారు. నేను మాత్రం మొన్నొక రోజు పాత ఫోటోలు వెతుక్కోవడానికి పోయాను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు, మా ఇంట్లో ఏనాడో నవ్వడం మొదలుపెట్టారు.

నాకున్న పిచ్చి, పత్రికలవాళ్ళ పాత ఫుట్‌బాల్ ఫోటోలు పోగుచెయ్యడం. అచ్చయిన బొమ్మ కాదండీ, అచ్చుకు పంపడానికి కాగితం మీద కడిగిన ప్రతి. అమెరికాలో బేస్‌బాల్ ఫోటోలకు ఇదొక పెద్ద బేరం. చార్లెస్ కాన్లన్ అనే ప్రూఫ్‌రీడరు సరదాకి మొదలుపెట్టి తీసిన ఆటగాళ్ళ బొమ్మలను వేలంలో ఎగబడి కొంటారు. బొమ్మ తీసిన రెండేళ్ళలోపు, అసలు నెగెటివు నుంచే వేసిన ప్రతి అయితే వాళ్ళ లెక్కలో మొదటి తరగతి. అదెలా తెలుస్తుందంటారా? బొమ్మ తిరగెయ్యాలి. వెనకాల ఏజెన్సీ రబ్బరు ముద్ర, తేదీ, టైపు కొట్టి అంటించిన చీటీ - జాతకమంతా అక్కడే.

మనకు బేస్‌బాల్ లేదు గాని, హైదరాబాదుకు ఫుట్‌బాల్ ఉండేది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుదే. వాళ్ళకు ఆట నేర్పిన సయ్యద్ అబ్దుల్ రహీం ఒకప్పుడు బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టును నాలుగో స్థానానికి తెచ్చాడు. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1 గోల్సుతో ఓడించి స్వర్ణం ఇప్పించాడు. మరుసటేడే కాన్సరుతో పోయాడు. ఆ జకార్తా జట్టులోని బలరాం మన సికింద్రాబాదు పక్క అమ్ముగూడ కుర్రవాడు. ఇంత ఆడినవాళ్ళ ఫోటోలు ఏవీ అంటే, ఎక్కువ భాగం తూకానికి పోయాయి.

ఒక పత్రికాఫీసు పాత కట్టలు పాశమైలారం గోడౌనులో ఉన్నాయని తెలిసి పటాన్‌చెరు బస్సెక్కాను. ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి ఆటో పట్టాను. దారి పొడుగునా లారీలు, టాంకర్లు, ముక్కు మండించే మందుల వాసన. టీకొట్టు దగ్గర తెలుగు కంటె హిందీ, ఒడియా ఎక్కువ వినిపించాయి. 2025 జూన్ 30న ఇక్కడి మందుల ఫాక్టరీలో పేలుడు జరిగి నలభైమందికి పైగా పోయారు. వాళ్ళలో చాలామంది ఊరు కాని ఊరు వచ్చినవాళ్ళే.

"ఫిల్ములు పోయిన వారమే పోయినయి సారూ, వాటిల వెండి ఉంటది గద! కాగితాలున్నయి, దేవులాడుకోండి" అన్నాడు గోడౌను యజమాని. నా గుండె జారిపోయింది. కాగితం చిరిగినా నెగెటివు ఉంటే మళ్ళీ వేసుకోవచ్చు. ఆ ఆశ వెండితోపాటు కరిగిపోయింది.

రెండు గంటలు దుమ్ము మింగాక ఒకటి దొరికింది. కప్పు ముందు పెట్టుకుని రెండు వరసల ఆటగాళ్ళు, ఓ చివర కోటు వేసుకుని రహీం సాబ్. గబగబా తిరగేశాను. కూర్చున్నవాళ్ళ పేర్లన్నీ ఉన్నాయి. "నిలబడినవారు" అన్న మాట దగ్గర చీటీ చిరిగిపోయింది.

కట్టలు మోస్తున్న బీహారు కుర్రాడు వచ్చి తొంగిచూశాడు. వెనక వరసలో కొసనున్నవాడి మీద వేలుపెట్టి, "యే కౌన్ హై?" అన్నాడు. తెలియదన్నాను. "పేరు లేదా?" అని హిందీలో మళ్ళీ అడిగి, నా సమాధానం కోసం ఆగకుండా ఆ కట్ట విప్పి, చిరిగిన ముక్క కోసం వెతకడం మొదలుపెట్టాడు. సాయంత్రం సైరను కూసేదాకా ఇద్దరం వెతికాం. ముక్క దొరకలేదు. యజమాని ఫోటోను కాటాలో వేస్తే ముల్లు కదలలేదు, ఊరికే తీసుకుపొమ్మన్నాడు.

ఇప్పుడు పాత ఆటగాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరుగుతున్నాను. మూడు పేర్లు దొరికాయి. కొసన నిలబడినవాడెవరో ఇంకా తెలియలేదు.