మోయాబ్ దారిలో వెనక కడ్డీ

కొలరాడోలోని ఐజన్‌హోవర్ సొరంగం పదకొండు వేల అడుగుల ఎత్తులో కొండను దొలుచుకుంటూ పోతుంది. పడమటి నోటి నుంచి బయటపడగానే దిగుడు మొదలు. పక్కన పెద్ద ట్రైలర్ లారీ దాటిపోయింది. ఆ గాలికి మా జీపు ఒకసారి కుడికి ఒరిగింది, సర్దుకుంది, మళ్లీ ఎడమకు ఒరిగింది. స్టీరింగ్ దగ్గరున్న బావ రేడియో కట్టేశాడు.

"వెనకేదో లేదురా దీనికి," అన్నాడు.

బావ విజయవాడ ఆటోనగర్లో, వాళ్ల నాన్న షెడ్డులో పెరిగాడు. ఇప్పుడు డెన్వర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే గాని, బండి చప్పుడు వింటే చెవులు అటే పోతాయి. యూటాలోని మోయాబ్ రాళ్ల మీద తిప్పాలని సెకండ్‌హ్యాండ్‌లో కొన్న జీప్ రాంగ్లర్ ఇది, 2007 నుంచి 2018 దాకా వచ్చిన జేకే తరం బండి. పాత యజమాని స్ప్రింగులు మార్చి రెండున్నర అంగుళాలు లేపాడు, పెద్ద టైర్లు వేశాడు. బండి ఒరగకుండా ఆపే కడ్డీ, అంటే స్వే బార్, ముందున్నదానికి చేత్తో ఊడదీసే లింకులు పెట్టాడు. వెయిల్ కనుమ దాటాక ఆగి, బావ కిందికి దూరి చూశాడు. వెనక స్వే బార్ ఉండాల్సిన చోట ఇరుసు మీద ఖాళీ బ్రాకెట్లు రెండు మిగిలాయి. బార్ లేదు.

రాళ్లెక్కే వాళ్లలో చాలామందికి ఇదొక పిచ్చి. చక్రం ఎంత కిందికి వేలాడితే అంత గొప్ప అనుకుంటారు, అడ్డొచ్చే కడ్డీలన్నీ ఊడదీస్తారు. డెన్వర్ నుంచి మోయాబ్‌కి దాదాపు 350 మైళ్లు. అందులో రాయి తగిలేది చివరి కొసరు మాత్రమే, తక్కినదంతా గంటకు డెబ్భై మైళ్ల తారు రోడ్డు. ఆ లెక్క మాత్రం ఎవరూ వెయ్యరు.

గ్లెన్‌వుడ్ కాన్యన్‌లో ఆ లెక్క మాకు బాగా తెలిసింది. కొలరాడో నది పక్కన పన్నెండు మైళ్ల ఇరుకు లోయ. 1992లో గాని ఇక్కడ ఫ్రీవే పూర్తి కాలేదు. తూర్పుకెళ్లే దారీ పడమటికెళ్లే దారీ మెట్ల మాదిరి ఒకదాని మీద ఒకటి, స్తంభాల మీద నడుస్తాయి. చూడ్డానికి అద్భుతం. నేను సగమే చూశాను, తలుపు పైన పిడి పట్టుకునే పనిలో ఉన్నాను కాబట్టి.

గ్రాండ్ జంక్షన్ శివార్లలో పాత బండ్లు విప్పి అమ్మే యార్డు ఒకటుంది. ఎండ, దుమ్ము, వరసగా పడి ఉన్న బండ్లు. బావ ముఖం వెలిగిపోయింది. ముక్కు పచ్చడైన జేకే ఒకటి దొరికింది, వెనక భాగం చెక్కుచెదరలేదు. పక్కనున్న ఇంకో బండికి కాస్త లావైన బార్ ఉంది. లావుదే తీసుకుందామన్నాను.

"వద్దు," అన్నాడు. "మందం పదో వంతు పెరిగితే బిగువు ఒకటిన్నర రెట్లవుతుంది. ఇది పొట్టి బండి, తోక తేలిక. వాన పడ్డ మలుపులో తోక బయటికి తన్నేస్తుంది."

లెక్క సరైనదే. కడ్డీ బిగువు దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. రెండు చక్రాలూ ఒకేసారి లేస్తే బార్ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, పని చెయ్యదు. ఒకటి లేచి ఒకటి దిగినప్పుడు పిండిన తడిబట్టలా మెలిపడి, ఆ ఒరుగుడికి ఎదురు తిరుగుతుంది. మలుపులో లోపలి టైరు నుంచి బయటి టైరుకి మారే బరువును మాత్రం అది తగ్గించలేదు. ఆ బరువు బండి ఎత్తు, వెడల్పు, వేగం లాంటివాటిని బట్టి ఉంటుంది. బార్ చేసేది ఒరుగుడు తగ్గించడం, మారే బరువులో ముందు ఇరుసుకెంత, వెనక ఇరుసుకెంత అని పంచడం. వెనక మరీ బిగిస్తే వెనక టైర్లే ముందుగా పట్టు వదులుతాయి. బావ భయం అదే.

లింకుల కోసం బావ ఆ ముక్కు పోయిన బండి ముందు వైపుకే వెళ్లాడు. బండిని లేపాక వెనక అసలు లింకులు పొట్టివైపోతాయి. బార్ చేతులు కిందికి వాలిపోతాయి, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బార్ అవతలి వైపుకి తిరగబడే ప్రమాదమూ ఉంది. ఇంతమాత్రం లేపిన జేకేకి ముందరి పాత లింకులు వెనక సరిగ్గా సరిపోతాయి. లిఫ్ట్ కిట్లు అమ్మే కొందరు కూడా ఇదే పద్ధతి చెబుతారు.

మేం దిగిన మోటల్ వెనక చదునైన సిమెంటు నేల దొరికింది. బుష్‌లకి గ్రీజు పూసి, బార్‌ని పైన ఛాసిస్‌కి క్లాంపులతో వదులుగా వేలాడదీశాం. లింకుల కింది కొస ఇరుసు బ్రాకెట్లో, పై కొస బార్‌కి. నట్టు తిప్పితే లోపలి స్టడ్ కూడా తిరుగుతోంది. దాన్ని ఇంకో పానాతో పట్టుకోవడం నా వంతు. జాకీ పెట్టి ఒక చక్రాన్ని వేలాడదీసి, బార్ ఎక్కడా షాకబ్జర్‌కి, బ్రేకు పైపుకి తగలడం లేదని చూశాం. చివరి బిగింపు మాత్రం బండి బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడే. గాల్లో బిగిస్తే నేల మీదికి దించగానే బుష్ రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, త్వరగా చిరిగిపోతుంది. టార్క్ రెంచ్ టిక్కుమన్నాక, ప్రతి నట్టు మీదా బావ తెల్ల పెయింటుతో గీత గీశాడు.

మర్నాడు ఫ్రీవే వదిలి సిస్కో దగ్గర 128వ నంబరు రోడ్డు పట్టాం. మోయాబ్ దాకా నలభై నాలుగు మైళ్లు, చాలావరకు కొలరాడో నదిని పట్టుకుని వంకరలే. కడ్డీని పరీక్షించడానికి ఇంతకంటే మంచి దారి దొరకదు. డ్యూయీ దగ్గర 1916 నాటి వేలాడే వంతెన ఉండేది. 2008లో కాలిపోయింది, స్తంభాలూ తీగలూ మిగిలాయి. అక్కణ్నుంచి లోయ వెడల్పవుతుంది, ఎర్రరాతి ఫిషర్ టవర్స్ ఎడమవైపు లేస్తాయి. ఈసారి నేను పిడి పట్టుకోలేదు. మలుపులో బండి కొంచెం ఒరుగుతోంది, అక్కడే ఆగుతోంది. రెండో ఊపు లేదు.

మోయాబ్ చుట్టూ ఉన్న చాలా దారులు 1950లలో యురేనియం వెతికినవాళ్లు బుల్డోజర్లతో తీసినవి. శాండ్ ఫ్లాట్స్‌లోని ఫిన్స్ అండ్ థింగ్స్ దారికి ఆ చరిత్రతో పని లేదు. అక్కడ దారే రాయి. ఇసుకరాతి మూపుల మీదికి ఎక్కడం, అవతలికి దిగడం. రాతి మీద తెల్లరంగుతో వేసిన డైనోసార్ బొమ్మలు దారి చూపిస్తాయి. గుర్రపు నాడా జారే ఆ రాతిని రబ్బరు గట్టిగా పట్టుకుంటుంది.

ఇక్కడ ముందు లింకులు ఊడదీశాం, వెనకది ఉంచేశాం. ముందు ఇరుసు నేలతో పోతోంది, బండి ఒళ్లు వెనక ఇరుసుతో పోతోంది. పక్కకి వాలిన రాతి మీద నడిచేటప్పుడు ఆ తేడా నడుముకి తెలిసింది. రెండు కొసలా కడ్డీ లేకుంటే ఒళ్లు ఎటు తూగుతుందో చెప్పలేం. నష్టం లేదనను. ఒక మెట్టు దగ్గర వెనక ఎడమ చక్రం మీద బరువు చాలక అది ఊరికే తిరిగింది. తిరిగే చక్రానికి బ్రేకు వేసి బలాన్ని రెండో చక్రానికి పంపే ఏర్పాటు ఈ జీపుకి కంపెనీదే ఉంది. యాక్సిలరేటర్ వదలకుండా పట్టుకుంటే ఎక్కేసింది.

షేఫర్ ట్రెయిల్‌ని చివరికి దాచుకున్నాం. ఒకప్పుడు పశువుల్ని తోలిన బాట. కాన్యన్‌ల్యాండ్స్ జాతీయ పార్కు అంచు నుంచి వెయ్యి అడుగులకు పైగా, కొండగోడ మీద మెలికలు తిరుగుతూ దిగుతుంది. అంచున రెయిలింగ్ ఉండదు. బావ ఒక్క మాటా మాట్లాడలేదు. నేనూ అంతే.

ఊళ్లోకి వచ్చాక ముందు లింకులు తగిలించాలి. నేల చదునుగా లేకపోతే రంధ్రాలు కలవవు. వెతగ్గా వెతగ్గా ఒక కిరాణా దుకాణం పార్కింగ్‌లో చోటు దొరికింది. బావ కిందికి దూరి పెయింటు గీతలు చూశాడు. కుడివైపు కింది నట్టు వెంట్రుకవాసి కదిలింది. దాన్ని బిగిస్తుండగా పక్కన ఇంకో జేకే వచ్చి ఆగింది. అందులోని తాత దిగి వంగి చూశాడు. తన బండి వెనక బార్‌ని పదేళ్ల కిందట విప్పి గరాజ్‌లో పడేశానని చెప్పాడు.

బండి కింది నుంచే తెలుగులో బావ గొంతు వినిపించింది. "ఎంతకిస్తాడో అడగరా. మన సురేష్ జీపుకీ లేదు."