శశశృంగము, వంధ్యాపుత్రుడు, ఒక గాజుతొట్టి

వేదాంతగ్రంథములయందు అసత్పదార్థమునకు రెండు దృష్టాంతములు తఱచుగా కనబడును. ఒకటి శశశృంగము, అనగా కుందేటికొమ్ము. రెండవది వంధ్యాపుత్రుడు, అనగా గొడ్రాలి బిడ్డడు. మాట కలదు, వస్తువు లేదు. శబ్దము వినగానే మనస్సున ఏదో ఒక ఆకృతి మెదలును; కాని త్రికాలములయందును దానికి ఉనికి లేదు. రజ్జువునందు తోచిన సర్పము మిథ్య. అది క్షణకాలమైనను కనబడి భయపెట్టినది. కుందేటికొమ్ము అట్లు కూడ కనబడదు. అది తుచ్ఛము. ఈ భేదము తెలియనిచో అద్వైతవిచారమున మొదటి మెట్టే ఎక్కరానిదగును.

ఈ దృష్టాంతములు రెండును తర్కమునకు సంబంధించినవి. వానిని తర్కమునందే ఉంచవలెను. రెండవదానిని లోకము తర్కమునుండి పెఱికి తెచ్చి ఇంటిలోని స్త్రీమీద మోపినప్పుడు అది దృష్టాంతము కాదు, శల్యము. ఈ సంగతిని ఒక గృహిణి ఏ శాస్త్రపాఠమును వినకయే గ్రహించినది. అందుకు నిమిత్తమైనది ఒక సముద్రజీవి. చిత్రమేమనగా, దాని పేరును శశకమే.

కాలిఫోర్నియాలోని శాన్ డియేగో నగరమున నివసించు ఒక తెలుగు దంపతుల ఇంట ఉప్పునీటి అక్వేరియం కలదు. రమారమి 300 లీటర్ల నీరు పట్టు గాజుతొట్టి అది. దంపతులకు వివాహమై తొమ్మిది సంవత్సరములైనది; సంతానము లేదు. గుంటూరు ప్రాంతమునుండి గృహస్థుని తల్లి ఆఱు మాసములు ఉండుటకై వచ్చియుండెను. తొట్టిలోని రాళ్లమీద వెండ్రుకలవంటి పచ్చని పాచి దట్టముగా పెరిగిపోయినందున, దానిని మేయుటకై గృహస్థుడు రెండు సముద్రశశకములను కొని తెచ్చి విడిచెను.

సముద్రశశకము కుందేలు కాదు. నత్తజాతికి చెందిన మెత్తని ప్రాణి. దాని గుల్ల పలుచనిదై దేహములోపలనే దాగియుండును. తలమీద నిక్కియుండు రెండు కొమ్ములను చూచి ప్రాచీన రోమకులు దానిని సముద్రపు కుందేలనిరి. అవి చెవులు కావు, కొమ్ములును కావు; నీటిలోని వాసనలను పసిగట్టు ఇంద్రియములు. శశమునకు శృంగము లేదు. శృంగము కలదని తోచు ఈ ప్రాణి శశము కాదు. ఒకదాని నామము వేఱొకదానిమీద ఆరోపింపబడినది. అధ్యాసకు ఇంతకంటె సులభమైన ఉదాహరణము కావలెనా?

ఆ ఇంటికి వచ్చినవి డోలబెల్లా అను రకమునకు చెందినవి. వెచ్చని సముద్రతీరములలో నివసించు ఈ ప్రాణికి వెనుకభాగము ఏటవాలుగా కోసినట్లుండును. పగలు కదలక పడియుండి రాత్రివేళ పాచిని మేయును. ఈ కులములోని ప్రాణులు భయపడినప్పుడు ఊదారంగు సిరాను చిమ్మును. అప్లీసియా అను సముద్రశశకమునందు ఆ సిరాకు రంగు అది తిన్న ఎఱ్ఱని నాచునుండియే వచ్చుచున్నది. తిన్న అన్నమే దానికి కవచము.

మూడు వారములు గడచినవి. ఒకనాటి ఉదయమున దీపము పెట్టవచ్చిన తల్లి తొట్టివైపు చూచి నిలిచిపోయెను.

"ఒరే నాయనా, ఈ రాయిమీద సేమ్యా పోగు పోసిందెవర్రా?"

"సేమ్యా కాదమ్మా, గుడ్లు. రాత్రి పెట్టినట్టుంది."

"ఇవన్నీ గుడ్లే! ఎన్నుంటాయి?"

"లక్షల్లో ఉంటాయమ్మా."

"లక్షలే! ఏ నోము నోచుకుందో!"

మాట నోరు దాటిన పిమ్మట గాని ఆమెకు వంటగదిలో కోడలున్న సంగతి స్ఫురింపలేదు. ఆ మాటయందు ద్వేషము లేదు. తరతరములుగా స్త్రీల నోట నలిగిన పలుకుబడి అది. అయినను తగులవలసిన చోట తగిలినది. ఆ దినమంతయు అత్తాకోడండ్ర నడుమ అవసరమునకు మించిన మాట లేదు.

సముద్రశశకము నోచిన నోము ఏది? ప్రతి సముద్రశశకమును ఏకకాలమున స్త్రీయును పురుషుడును. రెండు కలిసినప్పుడు ఒకటి పురుషస్థానమునను, రెండవది స్త్రీస్థానమునను ఉండి, మఱల స్థానములు మార్చుకొనవచ్చును. అప్లీసియాలు పెక్కు కలిసినచో గొలుసువలె ఏర్పడును. అందు మొదటిది స్త్రీగాను, చివరిది పురుషుడుగాను, మధ్యనున్నవి ఉభయముగాను వర్తించును. ఆడుతనము, మగతనము అనునవి అక్కడ స్వరూపములు కావు. ఆయా క్షణమునందలి స్థానములు మాత్రమే.

గ్రుడ్లు పెట్టుట సహితము దాని సంకల్పముచే జరుగునది కాదు. దాని నాడీమండలమందలి కొన్ని కణములు ఒక రసమును విడుచును. అది దేహమున వ్యాపింపగానే ప్రాణి నడక మానును, మేత మానును, తలను అటునిటు ఊపుచు గ్రుడ్ల దారమును చుట్టలు చుట్టలుగా రాతికి అంటించును. ఆ కణములనుండి తీసిన సారమును సూదితో ఎక్కించినచో, వేఱొక ప్రాణితో కలయకున్నను గ్రుడ్లు పెట్టును. మాక్‌గినిటీ అను శాస్త్రజ్ఞుడు 1934లో ప్రకటించిన లెక్క ప్రకారము, ఆ కాలిఫోర్నియా తీరముననే నివసించు అప్లీసియా ఒకటి నాలుగైదు మాసములలో 47 కోట్లకు పైగా గ్రుడ్లు పెట్టినది. ఇందు నోము లేదు, ఫలశ్రుతి లేదు. ప్రకృతి గుణములు తమ పని తాము చేసికొనిపోవుచున్నవి. "నేను కంటిని" అను అభిమానమొక్కటే అక్కడ లేదు.

గ్రుడ్లు కుళ్లినచో తొట్టిలోని నీరు చెడునని గృహస్థుడు వానిని తీసివేయబోయెను. కోడలు వారించినది. దారములో ఒక ముక్కను కత్తిరించి, సముద్రజలము నింపిన గాజుపాత్రలో ఉంచి, సన్నని గొట్టముతో గాలి అందునట్లు చేసినది. దినదినమును కొంత నీరు మార్చినది. అంగడిలో దొరకు సూక్ష్మనాచును చుక్కలు చుక్కలుగా వేసినది. లేతవన్నెలోనున్న దారము క్రమముగా గోధుమరంగునకు తిరిగినది. తొమ్మిదవ నాటి రాత్రి దీపము దగ్గఱకు తేగా, పాత్రలో తెల్లని ధూళివంటి కణములు కదలాడుచున్నవి. భూతద్దముక్రింద చూచినచో ప్రతి కణమును ప్రాణియే. అద్దమువంటి చిన్న గుల్ల, దానినుండి చాచిన రెండు రెక్కలు, ఆ రెక్కల అంచున నిలువక కదలు రోమములు. ఆ రాత్రి ఆమె అత్తగారిని పిలిచి చూపినది. ఇరువురును ఒకే అద్దములోనుండి వంతులవారీగా చాలసేపు చూచిరి.

ఈ పసికూనలు నెలదినములు నీటిలో ఈదుచు, కంటికానని నాచును తిని, పిదప తమకు తగిన నాచుమీద వాలి రూపము మార్చుకొనవలెను. అప్పుడు గాని సముద్రశశకము కాజాలదు. మయామీ విశ్వవిద్యాలయమున పరిశోధనలకొఱకు అప్లీసియాలను గ్రుడ్డునుండి పెంచు కేంద్రమొకటి కలదు. కాని అది నిపుణుల నిత్యశ్రమకు ఫలము. ఇంటి తొట్టిలో పంపులును, వడపోతలును వానిని మింగివేయును. పాత్రలో ఉంచినను సరియైన మేత, స్వచ్ఛత కుదురుట దుర్లభము. ఆమె పాత్రలో దినదినమునకు కదలిక తగ్గినది. పండ్రెండవ దినమున అడుగున సన్నని మడ్డి మాత్రమే మిగిలినది.

"ఇన్ని లక్షల్లో ఒక్కటీ దక్కలేదా అమ్మాయ్?" అని అత్తగారు అడిగెను.

"లేదత్తయ్యా."

కొంతసేపటికి కోడలే మఱల పలికినది. "దానికన్ని పుట్టింది పుణ్యం చేసుకుని కాదు. ఇవి పోయింది పాపం చేసుకునీ కాదు. నా సంగతీ అంతే అనుకోండి అత్తయ్యా."

పెద్దావిడ ఆమె చేతిలోని పాత్రను తీసికొని, తానే కడిగి బోర్లించెను. "ఆ రోజు నేనట్లా అనకూడదమ్మా" అనెను. తొమ్మిది సంవత్సరములలో ఆ ఇంట ఆ విషయము స్పష్టముగా పలుకబడుట అదియే ప్రథమము.

ఇచట పూర్వపక్షము సహజము. ఆ గృహిణి మాట కర్మసిద్ధాంతమును త్రోసిపుచ్చుట కాదా? కాదు. కర్మసిద్ధాంతము సాధకుడు తన జీవితమును తాను దిద్దుకొనుటకై చెప్పబడినది. పరుల దుఃఖమునకు తీర్పు వ్రాయుటకై కాదు. ఏ ఫలమునకు ఏ కర్మ కారణమో ప్రాకృతదృష్టికి గోచరింపదు. గోచరింపని దానిని చూచినట్లు చెప్పుట శశశృంగమును పట్టి చూపుటయే. సంతానబాహుళ్యము పుణ్యమునకు కొలత యైనచో, కోట్ల గ్రుడ్లు పెట్టు ప్రాణి మనుష్యునికంటె పుణ్యాత్మురాలు కావలెను. కాని ఛాందోగ్యము పంచాగ్నివిద్యయందు, మాటిమాటికి పుట్టి చచ్చు క్షుద్రప్రాణుల స్థితిని మూడవదిగా చెప్పినది వైరాగ్యమును కలిగించుటకే, అసూయను కలిగించుటకు కాదు.

బృహదారణ్యకమున మైత్రేయి భర్తను అడిగినది సంతానము కాదు, ధనము కాదు, అమృతత్వసాధనము. పుత్రులు ప్రియులగుట పుత్రులకొఱకు కాదు, ఆత్మకొఱకే అని యాజ్ఞవల్క్యుడు ఆమెకు బోధించెను. బిడ్డయందు లోకము వెదకు పూర్ణత్వము బిడ్డవలన పుట్టునది కాదు. ముందే ఉన్న ఆత్మానందము అక్కడ ప్రతిఫలించుచున్నది. అద్దము లేనివానికి ముఖము లేదని ఎవరు చెప్పగలరు? అట్లని దుఃఖము మిథ్య యని తేలికగా కొట్టివేయుట జ్ఞానము కాదు. ఆ దుఃఖమును పంచుకొనుట ధర్మము. దానిని ఆత్మధర్మముగా భ్రమింపకుండుట విచారము. రెండును కావలెను.

జ్ఞానము కర్తవ్యమును రద్దు చేయదు. పాచి అంతయు మేసిన పిమ్మట సముద్రశశకములకు ఆహారము కఱవైనది. ఇంటి తొట్టులలో ఇవి తఱచుగా ఆకలిచేతనే చచ్చును. తొట్టిలో పెరిగినదానిని సముద్రమున విడిచినచో అక్కడి జీవులకు రోగములు సోకవచ్చును. తన అవసరమునకు తెచ్చుకొన్న ప్రాణిని పోషించుట తెచ్చినవాని ఋణము. అందుచే గృహస్థుడు ఎండబెట్టిన నాచు రేకులను కొనితెచ్చెను. ప్రయాణదినము వచ్చువఱకు ప్రతి రాత్రియు ఆ రేకును రాతిసందున గ్రుచ్చినది అత్తగారే. కొన్ని మాసములకు వానిలో ఒకటి మరణించినది. సామాన్యముగా ఈ జాతికి ఆయువు ఒక సంవత్సరమునకు అటునిటు మాత్రమే.

వంధ్య యనియు, పుత్రవతి యనియు వ్యవహరింపబడునది దేహము. ఆ వ్యవహారమునకు సంతోషించునది, కుమిలిపోవునది మనస్సు. ఆ రెండింటిని చూచుచున్నవానికి ఆ పేర్లలో ఏదియు అంటదు. సాధకుడు ఈ వివేకమును తన విషయమున మననముగాను, పరుల విషయమున మౌనముగాను ఆచరించుగాక.

శ్రీకృష్ణార్పణమస్తు.