గీత ఎవరిది?

మాది కడప జిల్లా దువ్వూరు. కేసీ కాలువ కింద వరి పండే ఊరు. సాయంత్రమైతే వాలీబాల్. వాలీబాల్‌లో గీత లోపలిది. బంతి గీత మీద పడితే ఇన్, సర్వీస్ కొట్టేటప్పుడు గీత తొక్కితే ఫాల్ట్. బాస్కెట్‌బాల్‌లో గీత బయటిది. ఈ ఒక్క తేడా తెలిస్తే త్రో-ఇన్ తగవులు సగం తీరిపోతాయి.

బయటికి పోయిన బంతిని బయట నిలబడి లోపలికి అందించడమే త్రో-ఇన్. ఐదు సెకన్లలో బంతి వదలాలి. ఈ ఐదు సెకన్లు ఇప్పటివి కావు, 1891లో జేమ్స్ నైస్మిత్ రాసిన మొదటి 13 నియమాల్లోనే ఉన్నాయి.

పోయిన ఏడాది ఇంటర్ బ్రాంచ్ సెమీఫైనల్, మెకానికల్‌కీ ఈసీఈకీ. నాది మెకానికలే. కాలు బెణికి ఆడట్లేదని, రెండు జట్లూ ఒప్పుకున్నాక పీడీ సార్ విజిల్ నా చేతికిచ్చారు.

చివరి సెకన్లు. మావాళ్ళు ఒక్క పాయింట్ ముందున్నారు. మేం కాపాడుకునే బాస్కెట్ పక్కనే, ఎండ్‌లైన్ నుంచి ఈసీఈకి త్రో-ఇన్. అందరినీ మావాళ్ళు కమ్మేశారు. విసిరేవాడి బూటు సగం గీత మీదుంది. మా బెంచీ "లైన్! లైన్!" అని ఒకటే అరుపు. నేను విజిల్ వేయలేదు. గీత బయటిదే కదా, తొక్కినా బయటున్నట్టే. బంతి చేతిలో ఉండగా గీత దాటి కోర్టులో కాలు పెడితేనే తప్పు.

నాలుగు లెక్కపెట్టేసరికి వాడు బంతిని అటు తిరిగున్న మావాడి వీపుకు మెల్లగా తగిలించాడు. లోపలికొచ్చి తనే పట్టుకుని వేశాడు. బాస్కెట్ పడింది, బజర్ మోగింది.

"తన బంతి తనే ఎట్ల పట్టుకుంటాడు రా?" అని మా కెప్టెన్ మీదికొచ్చాడు. రూల్ ఏమంటుందంటే, బంతి ఇంకో ఆటగాడికి తగలకముందు విసిరినవాడు కోర్టులో దాన్ని ముట్టుకోకూడదు. ఆ ఇంకో ఆటగాడు సొంత జట్టువాడే కావాలని లేదు. ఎదుటివాడి వీపైనా చాలు. అందుకే ఆ క్షణంలో నేను చూసింది చేతులు కాదు, కాళ్ళు. పట్టుకునేటప్పుడు ఒక్క కాలు గీత మీదున్నా బంతి మాకొచ్చేది. విసిరేటప్పుడు వాడిని కాపాడిన గీతే అప్పుడు వాడిని పట్టించేది. రెండు కాళ్ళూ లోపలే ఉన్నాయి. రెండు పాయింట్లు ఇచ్చాను. మా బ్రాంచ్ ఒక్క పాయింట్‌తో ఓడిపోయింది.

కెప్టెన్ నా రూమ్మేటే. "నీది ఏ బ్రాంచ్ రా?" అని ఒక్క మాటని, మూడు రోజులు మాట్లాడలేదు. మెస్‌లో కూడా వేరే టేబుల్.

ఫోన్‌లో మా నాయనకు చెప్పాను. ఆయనకు ఈ ఆట తెలీదు, పొలం గట్ల తగవులు మాత్రం బాగా తెలుసు. అంతా విని, "గట్టు ఎవరిదో ముందే రాసుకున్నారా?" అన్నాడు. రాసే ఉంది నాయనా, ఆర్టికల్ 17లో అన్నాను. "అయితే ఇంకేంది, తిని పడుకో" అన్నాడు.

నాలుగో రోజు రాత్రి లైట్ ఆపేశాక పక్క మంచం మీంచి గొంతు వినిపించింది.

"రేయ్, వాడు త్రో-ఇన్‌నే నేరుగా బాస్కెట్లో వేసుంటే?"

"చెల్లదు. బంతి మనకే."

కాసేపు ఏం మాట్లాడలేదు.

"మళ్ళీ టోర్నమెంట్‌కి ముందు ఇవన్నీ మనవాళ్ళకి చెప్పు రా. వీపులు చూసుకుంటాం."