మిస్సింగ్

"సాయిబూ, బండి మిస్సింగ్ కొడతాంది. రోంత సూడు."

ప్రొద్దుటూరులో మా షెడ్డు ముందు లారీ ఆపినోళ్లు మొదట అనే మాట ఇదే. మా పేర్లు అడిగినవాళ్లు తక్కువ. మా తాత సాయిబే, అబ్బా సాయిబే, మేమూ సాయిబులమే. ఊరికి మా పేర్లతో పనిలేదు. మా చెవులతోనే పని.

మిస్సింగ్ అంటే ఇంజనులో ఒక సిలిండరు తన వంతు వచ్చినప్పుడు మండకపోవడం. ఆరు సిలిండర్ల లారీలో సాధారణంగా మంట 1-5-3-6-2-4 వరసలో తిరుగుతుంది. ఒకటి వంతు తప్పితే బండి వణుకుతుంది, ఎత్తు ఎక్కలేక దగ్గుతుంది. తప్పుతున్నది ఏదో కనుక్కోవడం మాకు పదేళ్ల వయసుకే వచ్చు. బడికి పోవాల్సిన ఈడులో షెడ్డుకొచ్చినోళ్లం గదా! ఇంజను స్లోలో ఆడుతుంటే నాజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే వదులు చేసి మళ్లీ బిగిస్తాం. నట్టు వదలగానే ఇంజను ఇంకా కుంగితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. శబ్దంలో ఏ మార్పూ లేకపోతే పనిచేయనిది అదే. పాత పెట్రోలు కారైతే ప్లగ్గు వైర్లతో ఇదే పరీక్ష.

ఇంతవరకు ఏ కుర్రోడైనా చేస్తాడు. ఉస్తాద్ పని ఆ తర్వాతే మొదలు. "ఏదో తెలిసింది సరే, ఎందుకో తెలిసిందా?" అని అడిగేవాడు అబ్బా. నాజిల్ మీద అనుమానమా? తీసి పక్క సిలిండరుకు వేసి చూడు. రోగం నాజిల్ వెంట పోతే తప్పు నాజిల్‌ది. రోగం ఉన్నచోటే ఉంటే నాజిల్‌ది ఏ తప్పూ లేదు. వాల్వులు చూడు, హెడ్ గాస్కెట్ చూడు, కంప్రెషన్ చూడు. పరీక్ష పెట్టకుండా ఏ సామానునూ పారేయొద్దు. మేం చదివిన చదువు ఇదే.

ఒకసారి జమ్మలమడుగు వైపు నుంచి నాపరాళ్ల లారీ వచ్చింది. స్టార్టు చేస్తే చక్కగా ఆడుతుంది. లోడుతో గంటసేపు పోయినాక మిస్సింగ్. ఇంకొంచెం పోతే ఆగిపోతుంది. అప్పటికే వేరేచోట ఆరు నాజిళ్లూ మార్చినారు, పంపు విప్పినారు. ఓనరు మండిపోతున్నాడు. "ముందు సూసినోడూ మీవోడే. మీవోళ్లను నమ్మితే ఇంతే" అన్నాడు.

మేం ఏమీ అనలేదు. అదే లోడుతో ఆ లారీలోనే పులివెందుల దావ పట్టినాం. ఎత్తు మీద బండి దగ్గడం మొదలుపెట్టగానే ఆపించి డీజిల్ ట్యాంకు మూత తిప్పినాం. బుస్సుమని గాలి లోపలికి పోయింది. మూత వదులుగా పెట్టి పోనిమ్మంటే బండి ఎత్తెక్కింది. మూతకుండే సన్నటి బెజ్జం నాపరాతి దుమ్ముతో పూడిపోయింది. డీజిల్ తగ్గేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి. రాకపోతే పంపు ఎంత లాగినా డీజిల్ సరిగా అందదు. ఆరు సిలిండర్లలో దేనిదీ తప్పు కాదు. పైన గాలి ఆడలేదు, అంతే. గుండుసూదితో సరిపోయింది.

ముందు చూసినాయన తప్పు చేసిన మాట నిజమే. పరీక్ష పెట్టకుండా నాజిళ్లు మార్చినాడు. దాన్ని మేం దాచం. కానీ అది ఒక మెకానిక్కు తప్పు. ఆయనొక్కడు చేసినదానికి మమ్మల్నందర్నీ కలిపి పారేయడం, ఒక్క బెజ్జం మూసుకుపోతే ఆరు నాజిళ్లు మార్చడం లాంటిదే. ఓనరు డబ్బులిచ్చినాడు, టీ తాపినాడు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు చెవి పని తగ్గింది. 2020 ఏప్రిల్ నుంచి అమ్మే బండ్లన్నీ బీఎస్-6. స్కానరు తగిలిస్తే తెర మీద కోడు పడుతుంది. పి 0300 అంటే మిస్సింగ్ ఉంది, ఫలానా సిలిండరని తేలలేదు. పి 0301 అంటే ఒకటో సిలిండరు. కానీ కోడు ఎక్కడో చెబుతుంది, ఎందుకో చెప్పదు. కాయిలో, ప్లగ్గో, ఇంజెక్టరో, కంప్రెషనో మళ్లీ మనిషే తేల్చాలి.

మా మీదా ఇట్లాంటి కోడ్లున్నాయి. 2001 జనాభా లెక్కల్లో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం. దేశ సగటు కన్నా తక్కువ. జీతపు ఉద్యోగాల్లో మావాళ్లు తక్కువని, సొంత పనుల మీద బతికేవాళ్లే ఎక్కువని 2006లో సచార్ కమిటీ లెక్కలు చూపింది. "మీవోళ్లు సదవరు" అనేవాళ్లకు ఆ అంకె చాలు. పదేళ్ల పిల్లోడి చేతికి పలక బదులు పానా ఎందుకొచ్చిందో అడిగేవాళ్లేరీ? ఇంట్లో బియ్యం ఉన్నాయా, బళ్లో ఎట్లా పిలిచినారు, చదివినా ఉద్యోగం వస్తుందన్న ఆశ ఉందా? మూత తిప్పి చూసిందెవరు?

మా పిల్లోడు పాలిటెక్నిక్ చదివినాడు. షెడ్డులో స్కానరు వాడిదే. మొన్న ఒక కారుకు తగిలించి, "అబ్బా, 0301 పడింది. ఒకటో కాయిల్ పారేసి కొత్తది తెద్దామా?" అన్నాడు.

"తొందరెందుకురా, దాన్ని తీసి మూడో దానికి వేసి చూడు" అన్నాం.