మన లో వోల్టేజ్ వేరు, హైటెక్ సిటీ లో వోల్టేజ్ వేరు



పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి. సెలవుల్లో హైదరాబాద్‌లో ఏదో ఒక పనికి పోదామనుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం చివరిదాకా చదవాలి. వాళ్ళ కోసమే రాస్తున్నాం.

మేము ముగ్గురం ఒకే హాస్టల్, ఒకే రూము. ఇద్దరం ఉట్నూరు వైపు గూడేల నుంచి, ఒకడు భద్రాచలం ఏజెన్సీ నుంచి. ముగ్గురి ఇళ్ళల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. సెమిస్టర్ సెలవులకు ఇంటికి పోతే బస్సు ఛార్జీలు దండగ, ఇక్కడే ఉంటే నాలుగు పైసలు వస్తాయనుకున్నాం. మా వైపు దాదా ఒకరు ఆరేళ్ళ నుంచి ఎలక్ట్రికల్ పని చేస్తున్నారు. ఆయనే ఒక సబ్‌కాంట్రాక్టర్ దగ్గర హెల్పర్లుగా పెట్టించారు. రోజుకు 600. రాయదుర్గం మెట్రో దిగి నడిచిపోయే దూరంలో ఒక పెద్ద బిల్డింగు, అందులో ఒక అంతస్తు కొత్త ఆఫీసు. పని ఏంటంటే లైట్లు బిగించడం.

మొదటి రోజు సూపర్‌వైజర్ "ఇది లో వోల్టేజ్ లైటింగ్ రా, జాగ్రత్తగా పట్టుకోండి, మస్తు కాస్ట్‌లీ" అన్నాడు. మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం. ఎందుకో మీకు తెలుసు. మన గూడెంలో లో వోల్టేజ్ అంటే ఏంటి? పొద్దుగూకి అందరూ స్విచ్చులు వేయంగానే ఫిలమెంట్ బల్బు ఎర్రగా, ఇప్ప పండులాగా అయిపోవడం. ఫ్యాను తిరుగుతుందో ఆగిందో తెలియకపోవడం. ఆ వెలుతురులో అక్షరాలు కనబడక పుస్తకం మూసేసి పడుకోవడం. అలాంటి లో వోల్టేజ్‌కి ఇక్కడ ఇంత డబ్బు పోసి కొంటారా అనుకున్నాం.

తర్వాత దాదా విడమరచి చెప్పారు. ఈ లైట్లను మ్యాగ్నెటిక్ ట్రాక్ లైట్లు అంటారు. జిప్సం సీలింగ్‌లో సన్నటి గాడి కోసి అల్యూమినియం పట్టీ కూర్చోబెడతారు. దాని లోపల రాగి తీగలు ఉంటాయి. లైటుకు అయస్కాంతం ఉంటుంది. పైకి పెట్టగానే టక్కుమని అతుక్కుని వెలుగుతుంది. పీకి రెండడుగులు జరిపి పెడితే అక్కడ వెలుగుతుంది. టేబుళ్ళు మార్చినా సీలింగ్ పగలగొట్టే పని లేదు. చేతితో తాకే చోట 230 వోల్టులు పెట్టలేరు కదా, అందుకే ట్రాక్‌లో 48 వోల్టుల డీసీ మాత్రమే నడుస్తుంది. 230ని 48 చేసే పెట్టెను డ్రైవర్ అంటారు. అది సీలింగ్ పైన దాక్కుని ఉంటుంది. రిసెప్షన్ దగ్గర 3000 కెల్విన్, అంటే దీపం లాంటి పసుపు వెలుగు. పనిచేసే చోట 4000, తెల్లగా. గోడ మీద బొమ్మకు 24 డిగ్రీల స్పాట్ లైటు, వెలుగు బొమ్మ మీదే పడాలి, పక్కకు పోకూడదు. కొన్ని ఇళ్ళల్లో, షోరూముల్లో కూడా ఇవే పెట్టిస్తున్నారట.

మరి 12 వోల్టులు ఎందుకు కాదు, 48 ఎందుకు? మాలో ఫిజిక్స్ చదివేవాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత మీద లెక్క వేశాడు. 96 వాట్ల లైట్లకు 12 వోల్టులైతే 8 ఆంపియర్లు లాగాలి. 48 అయితే 2 చాలు. వైరులో వేడిగా పోయే కరెంటు ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. అంటే అదే వైరులో పదహారో వంతు నష్టం. 12 వోల్టుల స్ట్రిప్ పొడుగ్గా వేస్తే మొదట్లో ధగధగ, చివర్లో మసక.

చివర్లో మసక అనగానే మాకు మా గూడేలు గుర్తొచ్చాయి. ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడో రోడ్డు పక్క ఊర్లో. అక్కడి నుంచి వైరు చేలు దాటి, వాగు దాటి మన దాకా వచ్చేసరికి దారిలోనే వోల్టేజ్ పడిపోతుంది. మనం లైనుకు చివర ఉన్నాం, అంతే. చిన్నప్పుడు అది గూడెం ఖర్మ అనుకున్నాం. అది ఓమ్ సూత్రం. ఇక్కడ ఇంజనీర్లు ఒక ఆఫీసు చివరి మూల కూడా మసకబారకుండా లెక్కలు వేసి, డ్రైవర్లు పెంచి, వైరు మందం పెంచుతున్నారు. ఆ లెక్క మన దాకా రావడానికి కొత్త సైన్స్ ఏం అక్కర్లేదు, దగ్గర్లో ఒక ట్రాన్స్‌ఫార్మర్ చాలు.

ఇంకో సంగతి. తెల్లటి ఎల్ఈడీ వెలుగు మామూలుగా నీలం ఎల్ఈడీ మీద పసుపు పూత వేస్తే వస్తుంది. ఆ నీలం ఎల్ఈడీకే 2014లో ముగ్గురికి ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. అకసాకి, అమానో, నకమురా. ఈ నకమురా జపాన్‌లో టోకుషిమా వైపు ఒక కంపెనీ ఉద్యోగి. 1993లో బాగా వెలిగే నీలం ఎల్ఈడీ తెచ్చేనాటికి ఆయనకు డాక్టరేట్ కూడా లేదు. ఇది చదివిన రాత్రి మేము హాస్టల్‌లో చాలాసేపు నిద్రపోలేదు.

ఇక అసలు విషయానికి వస్తాం.

తొమ్మిదో రోజు. ఒక ట్రాక్ వెలగలేదు. డ్రైవర్ పోయింది, మార్చాలి. ఎంసీబీ దించితే పక్కన పెయింటింగ్ వాళ్ళ పని ఆగుతుందని సూపర్‌వైజర్ దించనివ్వలేదు. "ఏం గాదు రా, 48యే గదా, లో వోల్టేజ్. జల్ది చెయ్" అన్నాడు. దాదా ఆ రోజు కింది అంతస్తులో ఉన్నారు. మాలో భద్రాచలం వాడు నిచ్చెన ఎక్కాడు. ఇద్దరం కింద పట్టుకున్నాం.

డ్రైవర్‌కు రెండు వైపులు ఉంటాయి. ఒక వైపు 48 బయటికి పోతుంది. ఇంకో వైపు 230 లోపలికి వస్తుంది. ఆ ముందు రోజే కొత్త డ్రైవర్ అట్టపెట్టె మీద మేము ఇదంతా చదివాం. ఇన్‌పుట్ ఎంత, అవుట్‌పుట్ ఎంత అని పెద్ద అక్షరాలతోనే ఉంది. మాకు తెలుసు. సూపర్‌వైజర్ చెప్పింది తప్పని మాకు తెలుసు. కానీ ఆయన సార్. మేము హెల్పర్లం. నోరు తెరవలేదు.

వాడి వేలు ఫేజ్ వైరుకు తగిలింది. అరుపు కూడా రాలేదు. ఆరడుగుల మీద నుంచి పక్కకు పడ్డాడు, కుడి చెయ్యి కింద పెట్టి. మణికట్టు విరిగింది.

సర్కారు దవాఖానలో ఎక్స్‌రే తీసి పిండికట్టు వేశారు. ఆరు వారాలు. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తే "మీ పేర్లు నా రిజిస్టర్‌లో లేవు, మీరెవరో నాకు తెల్వదు" అన్నాడు. నిజమే, లేవు. మేము రాయించుకోలేదు, అడగనే లేదు. ముగ్గురికి తొమ్మిది రోజులకు 16,200 రావాలి. దాదా గొడవపడితే 9,000 ఇచ్చాడు. మిగతాది ఇప్పటికీ రాలేదు.

ఆ రాత్రి దాదా హాస్టల్ గేటు దగ్గరికి వచ్చారు. తిడతారని తెలుసు. నెమ్మదిగానే అన్నారు: "నేను ఇంటర్ మధ్యల ఇడిశిపెట్టిన. ఇంగ్లీషు సదవరాక రెండుసార్లు షాక్ తిన్న. మీకు సదవొచ్చు. సదివిండ్రు గూడ. సదివి ఊకున్నరు." ఇంకేం అనలేదు. రోడ్డు దాటి వెళ్ళిపోయారు.

ఆ మాట మమ్మల్ని ఇంకా వదలడం లేదు. ఇంట్లో వాళ్ళు మమ్మల్ని చదివించింది ఎందుకు? అమ్మ ఎప్పుడూ అనేది, ఆఫీసులో సారు ఏం రాసిండో తెల్వక వేలిముద్ర వేసినం, మీరట్ల గావద్దని. మేము చదివాం. కానీ సారు ముందు తల వంచే అలవాటు మాత్రం అలాగే ఉంచుకున్నాం. చదువు లోపలికి వచ్చింది, మాట బయటికి రాలేదు.

మా వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు. నోట్సు మేము రాసి పెడుతున్నాం. వాడు ఎడమ చేత్తో అన్నం తింటూ మా రాత చూసి నవ్వుతాడు. మాకే నవ్వు రాదు.

పనికి వెళ్ళే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మేము చెప్పేవి ఇవీ:

1. లో వోల్టేజ్ అనే మాట ట్రాక్‌కు మాత్రమే. డ్రైవర్ దాకా వచ్చేది 230. అది ప్రాణం తీస్తుంది. ఎంసీబీ దించి, టెస్టర్ పెట్టి చూసి, బోర్డు దగ్గర మనవాడిని ఒకడిని నిలబెట్టాకే చెయ్యి పెట్టండి.

2. సైటు కరెంటుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా అని అడగండి. ఒంట్లోంచి భూమికి కరెంటు పోతే అది వెంటనే ట్రిప్ అవుతుంది. అడిగితే పోయేదేం లేదు.

3. మొదటి రోజే రిజిస్టర్‌లో పేరు రాయించుకోండి. ఆ పేజీ ఫోటో తీసుకోండి. హాజరు, కూలి మీరూ ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలనే చట్టం 1923లోనే వచ్చింది. మనం పనిచేశామని చూపించే కాగితం లేకపోతే ఎంత పాత చట్టమైనా మన దాకా రావడం కష్టం.

4. తప్పని తెలిస్తే చెప్పండి. గొంతు వణికినా సరే. "సార్, ఇన్‌పుట్ 230 ఉంది, ఎంసీబీ దించండి" అంతే. ఆరు మాటలు. మేము ఆ ఆరు మాటలు అనలేకపోయాం.

మొన్న రాత్రి ముగ్గురం దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద నిలబడ్డాం. ఎదురుగా అన్నీ వెలిగే అద్దాల బిల్డింగులే. ఇక్కడ 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు మేము పుట్టలేదు. ఈ వెలుగుల్లో ఒక అంతస్తు మేము బిగించిందే, అది ఏదో ఇక్కడి నుంచి కనబడదు. మా వాడు పిండికట్టు చెయ్యి ఎత్తి "గా పక్క ఉంటది" అన్నాడు. ఆ పక్కకే చూస్తూ కాసేపు నిలబడ్డాం. తర్వాత హాస్టల్ గేటు మూస్తారని బస్సు ఎక్కాం.

జై సేవా. జై ఆదివాసీ.